రెట్టింపు వేగానికి నాలుగింతల లెక్క



అమెరికాలో ఇంటి ముందూ వెనుకా పచ్చిక పెంచడం దాదాపు జాతీయ అలవాటు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2005లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ఆ దేశంలో పచ్చిక పరుచుకున్న నేల సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లు. అంటే ఇంచుమించు మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత. అంత గడ్డిని వేసవి పొడవునా వారం వారం కత్తిరించాలి. దొడ్డి చిన్నదైతే తోసుకుంటూ నడిచే యంత్రం చాలు. ఎకరం, అరెకరం ఉన్నవాళ్లు మాత్రం పైన కూర్చుని నడిపే లాన్‌మోవర్ కొనుక్కుంటారు. చూడ్డానికి బుల్లి ట్రాక్టరులా ఉంటుంది. ముందు ఇంజిను, మధ్యలో పొట్ట కింద గడ్డి కోసే బ్లేడ్లు, వెనుక పెద్ద చక్రాలు. పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేశాక ఇది షెడ్డులో ఓ మూలకో, పాత ఇనుము కొనేవాడి దగ్గరికో చేరుతుంది. అలా చేరవలసిన బండిని కొందరు ఇంటికి తెచ్చి, విప్పి, కోసి, వెల్డింగు చేసి, రంగులేసి హాట్‌రాడ్‌గా మారుస్తున్నారు. గడ్డి కోసే బండికి పందెపు కారు వేషమేమిటని నవ్వు రావచ్చు. నవ్వుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఈ పనిని చివరిదాకా సవ్యంగా చేసినవాడు వేగం గురించీ, యంత్రాల గురించీ తరగతిలో అంత తేలిగ్గా వంటబట్టని ఒక పాఠం నేర్చుకుంటాడు. ప్రతి యంత్రానికీ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దును ఒకచోట జరిపితే మిగిలిన ప్రతిచోటా జరపాల్సి వస్తుంది. ఈ పని విలువ ఆ పాఠంలో ఉందన్నదే ఈ ప్రసంగంలో నా వాదన.

ముందుగా హాట్‌రాడ్ అంటే ఏమిటో చూద్దాం. 1930ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లను చౌకగా కొని, మ్యూరాక్ వంటి ఎండిపోయిన చెరువు మైదానాల్లో పరుగెత్తించేవారు. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యుడికి అందే ధరలో ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజిను తెచ్చింది. దాని శక్తి 65 హార్స్‌పవర్. ఈనాటి లెక్కలో అది చిన్నదే, ఆనాడు మాత్రం సంచలనం. కొత్త భాగాలు కొనే స్తోమత ఆ కుర్రాళ్లకు లేదు. అందుకని ఉన్న కారులోంచి అక్కరలేనివి పీకేశారు. చక్రాల మీది మడ్‌గార్డులు, బంపర్లు, చాలాసార్లు బోనెట్ కూడా తీసేశారు. బరువు తగ్గితే అదే ఇంజిను బండిని ఇంకా చురుగ్గా లాగుతుంది. ఆ పందేలకు ఒక పద్ధతి తేవాలని 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. వీధుల్లో సాగే పందేలను ప్రత్యేకమైన ట్రాకుల మీదికి మళ్లించే ఉద్దేశంతో వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్‌రాడ్ అసోసియేషన్ స్థాపించాడు. ఈ చరిత్రలో మనకు పనికొచ్చే సంగతులు రెండున్నాయి. హాట్‌రాడ్ పని తీసివేతతో మొదలవుతుంది, చేర్పులు తర్వాత వస్తాయి. వేగం పెరిగిన కొద్దీ నియమాలు కూడా పెరిగాయి. పందేలు ఆడినవాళ్లే ఆ నియమాలను కోరి రాసుకున్నారు.

ఇక లాన్‌మోవర్ స్వభావం. ఈ బండి గంటకు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లకు మించి పోదు. కాస్త వడిగా నడిచే మనిషి కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఇంజినుకు చాతగాక కాదు, గడ్డి సమంగా తెగాలంటే బండి నెమ్మదిగా పోవాలి కాబట్టి. తన హద్దులో ఉన్నంత కాలం దీని ఓపిక గొప్పది. అయోవా రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరివాడు ఆల్విన్ స్ట్రెయిట్. చూపు మందగించడం వల్ల కారు లైసెన్సు లేదు. 1994లో ఆ డెబ్బైమూడేళ్ల ముసలాయన జబ్బుపడ్డ అన్నను చూడడానికి, వెనుక చిన్న ట్రెయిలరు తగిలించుకుని, పాత జాన్ డీర్ లాన్‌మోవర్ మీద విస్కాన్సిన్‌కు ప్రయాణం కట్టాడు. దూరం సుమారు 386 కిలోమీటర్లు, పట్టిన కాలం సుమారు ఆరు వారాలు. డేవిడ్ లించ్ 1999లో ఈ ప్రయాణాన్ని ‘ది స్ట్రెయిట్ స్టోరీ’ పేరుతో సినిమా తీశాడు. హాట్‌రాడ్ చేయబోయేవాడు ఈ ఉదంతాన్ని మనసులో ఉంచుకోవాలి. రిపేర్లూ అవాంతరాలూ ఎదురైనా ఆ బండి గమ్యం చేరింది, ఎందుకంటే దాని చేత చేయించిన పని దాని స్వభావానికి దగ్గరగానే ఉంది. అదే బండిని పరుగుపందెంలో నిలబెడితే సంగతి వేరు.

మరి దాన్ని పరుగెత్తించడం ఎలా? చాలామంది ముందుగా ఇంజిను మీద పడతారు. అది తొందరపాటు. మన వీధుల్లో తిరిగే 110 సీసీ స్కూటర్ల శక్తి ఎనిమిది హార్స్‌పవర్‌కు అటూ ఇటూగా ఉంటుంది. వాటిని గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో నడిపేవాళ్లను రోజూ చూస్తూనే ఉన్నాం. మామూలు లాన్‌మోవర్ ఇంజిను పన్నెండు నుంచి పద్దెనిమిది హార్స్‌పవర్ దాకా ఉంటుంది. కొరత శక్తిది కాదన్నమాట. కిటుకు పుల్లీల్లో ఉంది. ఈ బండ్లలో చాలావాటికి ఇంజిను షాఫ్టు కిందికి చూస్తూ ఉంటుంది. దాని అడుగున రెండు పుల్లీలు. ఒకదాని నుంచి బెల్టు బ్లేడ్లకు పోతుంది, రెండోదాని నుంచి వెనుక గేర్‌బాక్సుకు పోతుంది. ఇంజిను వైపు పుల్లీ మూడు అంగుళాలు, గేర్‌బాక్సు వైపుది ఏడు అంగుళాలు అనుకుందాం. ఇంజిను ఏడు చుట్లు తిరిగితే గేర్‌బాక్సు షాఫ్టు మూడు చుట్లే తిరుగుతుంది. ఇంజిను వైపు ఆరంగుళాల పుల్లీ, అవతల నాలుగంగుళాల పుల్లీ వేస్తే ఇంజిను రెండు చుట్లకు అది మూడు చుట్లు తిరుగుతుంది. మొత్తం మీద మూడున్నర రెట్ల మార్పు. ఇంజినులో ఒక్క మర కూడా విప్పకుండానే గంటకు తొమ్మిది కిలోమీటర్ల బండి ముప్ఫై ఒకటి దాటుతుంది. అయితే చక్రాల దగ్గర లాగే బలం అదే పాళ్లలో తగ్గిపోతుంది. బయలుదేరేటప్పుడు బెల్టు జారుతుంది, ఇంజిను మూలుగుతుంది. అందుకే బరువు తగ్గించాలి. గడ్డి కోసే డెక్కును, అంటే బ్లేడ్లున్న ఆ ఇనుప డొప్పను మొత్తంగా ఊడదీస్తారు. తీసివేతతో మొదలుపెట్టడమన్న ఆనాటి కాలిఫోర్నియా సూత్రం ఇక్కడా అదే.

అసలు లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది. కదిలే వస్తువులో ఉండే శక్తి దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని హైస్కూల్లో అందరం చదువుకున్నాం. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. మూడు రెట్లయితే తొమ్మిదింతలు. మన పుల్లీ మార్పుతో వేగం మూడున్నర రెట్లు పెరిగింది కాబట్టి బ్రేకు అదుపు చేయాల్సిన శక్తి పన్నెండు రెట్లు దాటింది. అదే బ్రేకు, అదే ఒత్తిడి అయితే బండి ఆగడానికి పట్టే దూరమూ పన్నెండు రెట్లవుతుంది. ఒక మీటరులో ఆగే బండికి పన్నెండు మీటర్లు కావాలి. పైగా ఈ బండ్లకు తరచుగా ఉండేది ఒకే ఒక్క బ్రేకు. అది చక్రాలకు కాకుండా గేర్‌బాక్సు షాఫ్టుకు ఉంటుంది. మధ్యలో డిఫరెన్షియల్ ఉండడంతో, ఒక చక్రానికి నేల మీద పట్టు పోతే రెండో చక్రానికీ బ్రేకు బలం సరిగా అందదు. పచ్చికలో నెమ్మదిగా పోతున్నప్పుడు ఈ లోపం ఎవరికీ తెలియదు. వేగం పెరిగాక అదే ప్రాణాంతకం. అందువల్ల అనుభవమున్నవాళ్లు వెనుక ఇరుసుకు గో-కార్ట్‌లకు వాడే హైడ్రాలిక్ డిస్కు బ్రేకు అమర్చి, అది నమ్మకంగా పట్టాకే పుల్లీ జోలికి పోతారు. బ్రేకు వేశాక వేగం పెంచేవాడు హద్దు తెలిసినవాడు. వేగం పెంచాక బ్రేకు గురించి ఆలోచించేవాడికి ఆ లెక్క ఏ గోడో, చెట్టో చెబుతుంది.

మలుపులోనూ ఇదే వర్గం లెక్క. ఆరు మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు తొమ్మిది కిలోమీటర్లతో తిరిగితే బండి మీద పడే పక్కతోపు దాని బరువులో పదో వంతు మాత్రమే. ముప్ఫై ఒక కిలోమీటర్లతో అదే మలుపు తిరిగితే ఆ తోపు బండి బరువునే దాటిపోతుంది. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం ఎనభై సెంటీమీటర్లు, నడిపేవాడితో కలిపి బరువు కేంద్రం నేల నుంచి అరవై సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. బరువులో మూడింట రెండు వంతులంత పక్కతోపు చాలు, టైర్లు జారకుండా పట్టు నిలిపితే బండి బోల్తా పడుతుంది. ఆ బరువు కేంద్రాన్ని నలభై సెంటీమీటర్లకు దించితే బండి బరువుతో సమానమైన తోపు వచ్చేదాకా తట్టుకుంటుంది. హాట్‌రాడ్‌లు నేలకు కరుచుకుని ఉండడానికి వెనుక ఉన్న కారణం ఇదే. చూసేవాళ్లు అది షోకు అనుకుంటారు. డెక్కు తీసేశాక పొట్ట కింద ఖాళీ మిగులుతుంది కాబట్టి చట్రాన్ని దించడం వీలవుతుంది. ముందు ఇరుసును మార్చి, సీటు కింద చట్రాన్ని కోసి, వెనుక చక్రాల మధ్య దూరం పెంచుతారు. వదులుగా ఆడే స్టీరింగు పళ్లచక్రాన్ని తీసేసి, గట్టి రాడ్లతో చక్రాలకు నేరుగా కలుపుతారు. గడ్డి నలగకూడదని మెత్తగా చేసిన టైర్లు కూడా మారాలి. చీర కుచ్చిళ్లలో ఒక మడత సవరిస్తే అన్ని మడతలూ కదిలినట్టు, ఒక్క పుల్లీ మార్పు బండి మొత్తాన్ని కదుపుతుంది.

ఇక ఇంజిను. ఈ ఇంజిన్లకు గవర్నర్ అనే కాపలాదారు ఉంటుంది. నిమిషానికి 3,600 చుట్లు దాటబోతే అదే కార్బురేటరును మూస్తుంది. దాన్ని తీసేస్తే ఇంజిను ఇంకా వేగంగా తిరుగుతుందన్నది నిజమే. కానీ చుట్లు రెట్టింపైతే పిస్టను వెనక్కీ ముందుకీ విసిరే బలం నాలుగింతలవుతుంది. ఫ్లైవీలు అంచును బయటికి లాగే బలమూ నాలుగింతలవుతుంది. ఇవి చౌకగా, తేలిగ్గా ఉండాలని చేసిన ఇంజిన్లు. మిల్వాకీ నగరంలో 1908లో మొదలైన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ 1953లో అల్యూమినియం బ్లాకు ఇంజిను తెచ్చాక ఇలాంటి యంత్రాలు మామూలు ఇళ్లకు చేరాయి. చాలా ఇంజిన్లలో కనెక్టింగ్ రాడ్డు కూడా పోత అల్యూమినియమే. చాలావాటిలో నూనె పంపు కూడా ఉండదు. లోపల తిరిగే చిన్న రెక్కల చక్రం నూనెను చిమ్ముతుంది, ఆ చిమ్మిన నూనెతోనే అన్ని భాగాలూ తడవాలి. ఇలాంటి ఇంజినును గవర్నర్ తీసి నడిపితే రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని బయటికి రావచ్చు. పోత ఫ్లైవీలు పగిలితే దాని ముక్కలు నడిపేవాడి కాళ్ల దగ్గరే పేలతాయి. అందుకే పందేలకు దిగేవాళ్లు ముద్ద లోహం నుంచి చెక్కిన రాడ్డూ ఫ్లైవీలూ వేశాకే గవర్నర్ తీస్తారు. ఆ ఖర్చు పెట్టలేనివాడికి ఉన్న ఒకే దారి గవర్నరును అలాగే ఉంచి, పుల్లీలతో వచ్చిన వేగంతో తృప్తి పడడం. హాట్‌రాడ్ అనిపించుకోవడానికి అది చాలు. రేడియేటర్ జాలీ లాంటి ముందు కప్పు, పక్కలకు వంగిన పొగ గొట్టాలు, ఎడ్ రాత్, వాన్ డచ్ లాంటి చిత్రకారులు కాలిఫోర్నియాలో ప్రచారంలోకి తెచ్చిన శైలి బొమ్మలూ సన్నగీతలూ కలిపితే, గంటకు పాతిక కిలోమీటర్లు పోయే బండి కూడా ఆ కుటుంబంలో చేరిపోతుంది.

ఒక హద్దును జరిపితే మిగిలినవీ జరపాలన్నది ఊహించి చెబుతున్న మాట కాదు. ఈ ఆటను పోటీగా మార్చినవాళ్లు రాసుకున్న నియమాలే సాక్ష్యం. 1973లో ఇంగ్లండులోని వెస్ట్ ససెక్స్‌లో విస్‌బరో గ్రీన్ అనే పల్లెలో, ఒక పబ్బులో కూర్చున్న కొందరు మిత్రులు మోటారు పందేల ఖర్చు గురించి మాట్లాడుకున్నారు. వాళ్లలో జిమ్ గావిన్ ఒకడు. ప్రతి ఇంట్లోనూ ఉండే మోటారు వాహనం లాన్‌మోవరే కదా అన్న ఆలోచన నుంచి బ్రిటిష్ లాన్‌మోవర్ రేసింగ్ అసోసియేషన్ పుట్టింది. స్పాన్సర్లు ఉండరు, నగదు బహుమతులు ఉండవు, ఇంజినులో మార్పులు చేయకూడదు, బ్లేడ్లు తప్పకుండా తీసేయాలి. వాళ్లు రాత్రంతా నడిపే పన్నెండు గంటల పందెం కూడా పెట్టారు. ఫార్ములా వన్‌లో పేరుపడ్డ స్టిర్లింగ్ మాస్ ఆ పందెంలో దిగి గెలిచాడు. ఇంజిను జోలికి పోవద్దన్న ఒక్క షరతుతో పోటీ అంతా చట్రం, బరువు, గేర్లు, నడిపేవాడి నేర్పు మీదికి మళ్లింది. అమెరికాలో 1992 ఏప్రిల్ ఒకటిన, ఫూల్స్ డే నాడు, ఒక పెట్రోల్ సంకలితం తయారీ కంపెనీ ప్రచారం కోసం పెట్టిన వేళాకోళం లాంటి పందెం నుంచి అక్కడి లాన్‌మోవర్ రేసింగ్ సంఘం పుట్టింది. అక్కడ మార్పులకు అనుమతి ఉంది, కానీ ఎంత మార్చారన్న దాన్ని బట్టి తరగతులుంటాయి. బ్లేడ్లు అక్కడా నిషిద్ధమే. నడిపేవాడు కింద పడితే ఇంజిను ఆగిపోయేలా ఒంటికి కట్టుకునే తాడు స్విచ్చూ, హెల్మెట్టూ తప్పనిసరి. వేళాకోళంగా మొదలైన ఆటలో కూడా నియమాలు మాత్రం నవ్వులాటకు రాసినవి కావు.

దీనికి ఎదురుగా ఒక ఉదాహరణ చూపి ఎవరైనా అడగవచ్చు. లాన్‌మోవర్లు మన ముప్ఫై ఒక కిలోమీటర్ల కంటే ఎంతో వేగంగా పోయాయి కదా అని. పోయాయి, నిజమే. హోండా కంపెనీ 2014లో టీమ్ డైనమిక్స్ అనే రేసింగ్ సంస్థతో కలిసి తయారుచేసిన ‘మీన్ మోవర్’ స్పెయిన్‌లోని పరీక్షా ట్రాకు మీద గంటకు 116 మైళ్లు, అంటే 187 కిలోమీటర్లు దాటింది. 2019లో దాని రెండో రూపం జర్మనీలో, జెస్ హాకిన్స్ అనే రేసింగ్ డ్రైవరు నడుపుతుండగా, నిలుచున్న చోటి నుంచి వంద మైళ్ల వేగానికి 6.285 సెకన్లలో చేరి గిన్నిస్ రికార్డు కొట్టింది. కానీ ఆ బండిలో లాన్‌మోవర్‌ది ఏం మిగిలిందో చూడండి. మొదటి రూపానికి వేసింది వెయ్యి సీసీ మోటారుసైకిల్ ఇంజిను. చట్రం కొత్తగా కట్టింది. గడ్డి కోసే డెక్కు స్థానంలో ఫైబర్ గ్లాసు కప్పు, దాని లోపల ఎలక్ట్రిక్ మోటార్లతో తిరిగే ఉక్కు తీగ. అది గడ్డి కోస్తుంది, లాన్‌మోవర్‌లా కనిపిస్తుంది, కానీ ఆ వేగానికి చేరడానికి పాత యంత్రాన్ని దాదాపు పూర్తిగా వదిలేయాల్సి వచ్చింది. ఈ ఉదాహరణ నా వాదనను కూల్చదు, ఇంకా బలపరుస్తుంది. హద్దును అంత దూరం జరపాలంటే ప్రతి భాగాన్నీ మార్చాల్సిందేనని పెద్ద కంపెనీ చేతిలోనే రుజువైంది.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, గడ్డి కోయడానికి చేసిన యంత్రాన్ని ఆటకు వాడడం దుబారా అన్న మాట. దీనికి జవాబు లాన్‌మోవర్ పుట్టుకలోనే ఉంది. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ జిల్లా స్ట్రౌడ్ ప్రాంతం ఉన్నిబట్టకు పేరుపొందింది. నేసిన బట్ట మీద లేచి ఉండే నూగును సమంగా కత్తిరించడానికి అక్కడి మిల్లుల్లో సుడి ఆకారపు కత్తులున్న యంత్రం వాడేవారు. ఆ యంత్రాన్ని చూసిన ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంజినీరు, బట్ట నూగును కోసే కత్తి గడ్డిని ఎందుకు కోయదని ఆలోచించి 1830లో పేటెంటు తీసుకున్నాడు. లాన్‌మోవరే ఒక మిల్లు యంత్రానికి మారురూపం. ఒక పనికి చేసిన యంత్రాన్ని ఇంకో పనికి మలచడం తప్పయితే ఈ రోజు గోల్ఫ్ మైదానాలూ క్రికెట్ మైదానాలూ ఇలా ఉండేవి కావు. దుబారా సంగతికి వస్తే, ఈ బండ్లలో ముందుగా పాడయ్యేది డెక్కే. తడి గడ్డి దాని లోపలి వైపు అంటుకుని ఉండి ఇనుమును తుప్పుగా తినేస్తుంది. డెక్కు చిల్లులు పడ్డాక కూడా ఇంజిను, గేర్‌బాక్సు, చట్రం చాలాసార్లు బాగానే ఉంటాయి. హాట్‌రాడ్ చేసేవాడు పారేసేది ఎలాగూ పాడైన భాగాన్నే, వాడుకునేది మిగిలినదాన్ని.

రెండో అభ్యంతరం పాత యంత్రాలను ప్రేమించేవాళ్లది. 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తెచ్చిన కబ్ క్యాడెట్, 1963లో జాన్ డీర్ తెచ్చిన 110 నమూనా, వీల్ హార్స్ బండ్లు ఇప్పుడు సేకరించేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. అవి వ్యవసాయ యంత్ర చరిత్రలో భాగం. వాటిని కోసి రూపం మార్చడం నష్టమన్న మాట నూటికి నూరుపాళ్లూ న్యాయం. దీనికి హాట్‌రాడ్ చేసేవాళ్లు ఒప్పుకోవాల్సిన నియమం ఒకటే. పూర్తిగా ఉన్న అరుదైన బండిని ముట్టుకోకూడదు, లక్షల్లో తయారై డెక్కు కుళ్లిపోయిన మామూలు బండినే తీసుకోవాలి. కాలిఫోర్నియా హాట్‌రాడ్ చరిత్రలోనూ కుర్రాళ్ల చేతికి వచ్చినవి ఎవరికీ అక్కరలేని పాత ఫోర్డులే.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది, ప్రమాదం. దీన్ని తోసిపుచ్చడం కుదరదు. గడ్డి కోసే బ్లేడ్లు వేళ్లనూ పాదాలనూ కోసేస్తాయి కాబట్టే అమెరికా ప్రభుత్వం 1982 నుంచి తోసుకుని నడిచే యంత్రాలకు, పిడి వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలని నియమం పెట్టింది. కూర్చుని నడిపే బండ్లలో సీటు కింద స్విచ్చు ఉంటుంది. కోత పనిలో ఉండగా మనిషి లేస్తే ఇంజినో బ్లేడో ఆగాలి. హాట్‌రాడ్ చేసేటప్పుడు బ్లేడ్లు పోతాయి కాబట్టి ఆ ఒక్క ప్రమాదం తగ్గుతుంది. వేగం తెచ్చే ప్రమాదం మాత్రం నాలుగింతల లెక్కన పెరుగుతుంది. అది తెలిసినవాడు బ్రేకు, తాడు స్విచ్చు, హెల్మెట్టు, ఖాళీ మైదానం అనే నాలుగింటినీ ముందుగా సిద్ధం చేసుకుంటాడు. తెలియనివాడు చేయకూడదు, అంతే. పసిపిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని సరదాగా తిప్పడం ఈ బండ్లతో ఎన్నడూ చేయరాదు, మామూలు లాన్‌మోవర్‌తో కూడా చేయరాదు.

నాలుగోది పొగ. పాత చిన్న ఇంజిన్లు తమ సైజుకు మించి కాలుష్యం చేస్తాయన్నది వాస్తవం. అమెరికాలో ఇలాంటి ఇంజిన్లకు కేంద్ర ప్రభుత్వ కాలుష్య నియమాలు మొదలైంది 1997లోనే. కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసి, 2024 నుంచి పెట్రోలుతో నడిచే కొత్త తోట యంత్రాల అమ్మకాన్ని దాదాపు ఆపేసింది. ఏడాదిలో కొద్ది గంటలు నడిచే హాట్‌రాడ్‌ను వారం వారం నడిచే యంత్రంతో సమానంగా చూడలేం. అయినా ఆ మాట చాటున దాక్కోకుండా చెప్పాలంటే మంచి దారి బ్యాటరీ. గోల్ఫ్ కార్టు మోటారు లాంటిది పెడితే బయలుదేరేటప్పుడే నిండు బలం వస్తుంది, బెల్టు జారే బాధ తగ్గుతుంది. పందేల చప్పుడు లేకపోవడం కొందరికి లోటనిపిస్తుంది. చప్పుడు కావాలన్న కోరికను పొరుగువాళ్ల చెవులు అంగీకరించవు గనక ఆ లోటు మంచిదే.

మన వైపు ఈ పని ఇదే రూపంలో లేదు, ఉండనక్కరలేదు. మన ఇళ్లకు అంత పచ్చిక లేదు. కానీ ఈ తలంపు మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాదులోని బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. కె. సుధాకర్ పాత సామానుతో క్రికెట్ బ్యాట్ ఆకారంలో, బర్గర్ ఆకారంలో నడిచే కార్లు తయారుచేసి అక్కడ పెట్టారు. 2005లో ఆయన కట్టిన మూడు చక్రాల సైకిలు ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇంకా దగ్గరి పోలిక బాహా ఎస్.ఎ.ఇ. పోటీలు. అమెరికాలో 1976లో మొదలైన ఈ విద్యార్థుల పోటీలో దశాబ్దాల పాటు అన్ని జట్లకూ ఒకే రకం పది హార్స్‌పవర్ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజిను ఇచ్చేవారు. ఇంజినును మార్చరాదు, దాని చుట్టూ బండిని మాత్రం తమ తెలివితో కట్టుకోవాలి. మన దేశంలో ఈ పోటీ 2007 నుంచి జరుగుతోంది. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల జట్లూ దిగుతున్నాయి. విస్‌బరో గ్రీన్ పబ్బులో కుదిరిన షరతుకూ ఈ పోటీ షరతుకూ మూలసూత్రం ఒక్కటే. శక్తికి హద్దు గీస్తే నేర్పు బయటికి వస్తుంది.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను రిజిస్టరైన వాహనం తయారీ వివరాలను ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అందువల్ల స్కూటరు ఇంజినును ఇంకో చట్రానికి బిగించి వీధిలోకి తేవడం హాట్‌రాడ్ పనీ కాదు, సాహసమూ కాదు. అది నేరం. లాన్‌మోవర్ హాట్‌రాడ్ కూడా అమెరికాలో రోడ్డు బండి కాదు. మైదానం దానిది, రోడ్డు ఇతరులది.

ఐటీఐలు, పాలిటెక్నిక్ కాలేజీలు నడిపేవాళ్లకు నా విన్నపం ఒకటుంది. పనిచేయడం మానేసిన పంపుసెట్టు ఇంజినో, పాత పవర్ టిల్లరో ఒకటి వర్క్‌షాపులో పెట్టండి. పిల్లల చేత విప్పించండి. పుల్లీ మార్చి ఏం జరుగుతుందో కాగితం మీద లెక్క కట్టించండి. ఆగే దూరం కొలిపించండి, ఆ లెక్కకూ ఈ కొలతకూ తేడా ఎందుకొచ్చిందో చర్చించండి. అది బండిగా మారి కాలేజీ ఆవరణలో తిరిగినా తిరగకపోయినా ఫరవాలేదు. వేగం రెట్టింపైతే ఆపే పని నాలుగింతలవుతుందని తన చేతులతో కొలిచి చూసిన కుర్రాడు రేపు రోడ్డు మీద బండి నడిపేటప్పుడు ఆ లెక్కను మరిచిపోడు.